టీవీ యాంకర్ నోటిమీద ఫిర్యాదు: కర్నూలు నుంచి పెడితే ఎంతదాకా పోతుంది?

టీవీలో యాంకర్ నోరు పారేసుకుంటే అడగడానికి మనకు ఒక సేవ ఉంది. కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2021 జూన్ 17న కేబుల్ టీవీ నియమాలను సవరించి దాన్ని మూడంచెలుగా కట్టింది. మొదట ఛానెల్‌ను అడగాలి, తర్వాత ఛానెళ్లు పెట్టుకున్న స్వీయ నియంత్రణ సంస్థను, ఆఖరున కేంద్రాన్ని. రుసుం లేదు, లాయరు అక్కర్లేదు, కర్నూలులో కూర్చుని ఫోన్‌లోంచే పంపొచ్చు. మార్కులు ముందే చెప్పేస్తాం: కాగితం మీద అయిదుకు నాలుగు, ఆచరణలో రెండు.

సేవను తూచడానికి గట్టి కేసు ఒకటి కావాలి. బీబీసీ కార్ల కార్యక్రమం ‘టాప్ గేర్’ యాంకర్ జెరెమీ క్లార్క్‌సన్ వ్యవహారం అందుకు బాగా పనికొస్తుంది. ఒకే ఏడాదిలో రెండు గొడవలు, రెండూ వేర్వేరు రకాలు. 2014 మార్చిలో ప్రసారమైన బర్మా ప్రత్యేక కార్యక్రమంలో, వంతెన మీద ఓ ఆసియా మనిషి నడిచి వస్తుండగా, ఆసియావాళ్లను తక్కువచేసే పదం ఒకటి వంతెన ఆకారం గురించి అన్నట్టుగా వాడాడు. బ్రిటన్ ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ జులైలో అది నిబంధనల ఉల్లంఘనే అని తేల్చింది. ఈలోగా మే నెలలో డైలీ మిర్రర్ పత్రిక ఇంకో క్లిప్ బయటపెట్టింది. పిల్లలు పంటలు వేసుకునే పాత పాట ఒకటి చెబుతూ, నల్లజాతివాళ్లను కించపరిచే పదాన్ని అతను గొణిగినట్టు అందులో వినిపిస్తుంది. ఆ టేక్ అసలు ప్రసారమే కాలేదు. వీడియోలో క్షమాపణ చెప్పాడు, బీబీసీ ఆఖరి హెచ్చరిక ఇచ్చింది. 2015లో కార్యక్రమం చేజారింది మాత్రం మాటల వల్ల కాదు, నిర్మాతను కొట్టినందుకు.

ఈ రెండూ మన దగ్గర జరిగితే? మొదటిదానికి తలుపు తెరిచే ఉంది. రెండోదానికి తలుపే లేదు. మన నియమావళి ప్రసారమైన కార్యక్రమానికే వర్తిస్తుంది. షూటింగ్‌లో అన్నది, ఎడిటింగ్‌లో తీసేసింది, మేకప్ గదిలో వాగింది ఏదీ ఇందులోకి రాదు. లీకైన క్లిప్ పట్టుకుని ఈ దారిలో ఫిర్యాదు పెడితే అక్కడే ఆగిపోతుంది.

ఇక నియమం సంగతి. కేబుల్ టీవీ నెట్‌వర్క్స్ రూల్స్, 1994లో రూల్ 6 అంటే కార్యక్రమ నియమావళి. అందులో 6(1)(ఎం) మన జిల్లాలవాళ్లు గుర్తుపెట్టుకోదగ్గది. ఏదైనా జాతి, భాష లేదా ప్రాంతానికి చెందిన సమూహాన్ని నిందగా, ఎగతాళిగా, తామేదో గొప్ప అన్న ధోరణిలో చూపకూడదని అది చెబుతుంది. ఈశాన్య రాష్ట్రాలవాళ్ల కళ్ల మీద జోకు, నేపాల్ మనిషి అనగానే చేతిలో లాఠీ పెట్టడం, ఆఫ్రికా విద్యార్థిని పాత తిట్టు పేరుతో పిలవడం, అన్నీ ఇందులోకే వస్తాయి. సీమ యాస వినపడితే చాలు కత్తి, నాటుబాంబు, సుమో చూపించి నవ్వించే స్కిట్లు కూడా వస్తాయి. ఆ రకం స్కిట్ల మీద ఈ నియమం వాడొచ్చన్న ఆలోచనే మనవాళ్లకు తట్టకపోవడం విచిత్రం.

ఒక చిక్కుంది. ఒక్క మనిషిని పట్టుకుని ‘నల్లగా ఉన్నావు’ అని ఎగతాళి చేస్తే (ఎం) పట్టుబడకపోవచ్చు. అది సమూహం గురించి. అక్కడ వ్యక్తులను నిందించకూడదనే 6(1)(ఐ), సభ్యతకు విరుద్ధంగా ఉండకూడదనే 6(1)(ఎ) రాయాలి. సందేహం ఉంటే మూడూ రాయండి, ఎక్కువైతే నష్టం లేదు. ఏ నియమమూ రాయకుండా ‘మా మనోభావాలు దెబ్బతిన్నాయి’ అని ఒక పేజీ నింపితే మాత్రం ‘మీ అభిప్రాయాన్ని గౌరవిస్తున్నాం’ అనే జవాబుతో ఛానెల్ చేతులు దులుపుకుంటుంది.

ఫిర్యాదు గెలిచేదీ ఓడేదీ ఆ ఒక్క పేజీలోనే. పనికొచ్చే నమూనా ఇలా ఉంటుంది:

‘ఫలానా తేదీ రాత్రి 9.42 గంటలకు మీ ఛానెల్‌లో ఫలానా కార్యక్రమంలో యాంకర్, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన పోటీదారును ఉద్దేశించి ఈ మాటలు అన్నారు: (ఇక్కడ మాటలు ఉన్నవి ఉన్నట్టు). ఇది కార్యక్రమ నియమావళి 6(1)(ఎం)కు విరుద్ధం. కార్యక్రమం ముందే రికార్డు చేసినది. తీసేసే వీలుండి కూడా ఉంచారు. అదే సమయానికి అదే కార్యక్రమంలో క్షమాపణ ప్రసారం చేయాలి. యూట్యూబ్‌లో ఆ భాగం తొలగించాలి. ఫిర్యాదు పూర్తిగా తేలేవరకు ఆ ఎపిసోడ్ రికార్డును భద్రపరచాలి.’

మాటలను మర్యాద కోసం చుక్కలు పెట్టి రాయొద్దు, విన్నది విన్నట్టే రాయాలి. ‘రాత్రి తొమ్మిది ప్రాంతంలో’ అంటే సరిపోదు, నిమిషం కావాలి. ‘ముందే రికార్డు చేసినది’ అన్న వాక్యానికి బరువెక్కువ. లైవ్‌లో నోరు జారిందంటే ఛానెల్‌కు కొంత సాకు దొరుకుతుంది. అప్పుడు అక్కడికక్కడే క్షమాపణ చెప్పించారా లేదా అన్నదే ప్రశ్న. రికార్డు చేసినదైతే ఎడిటర్, ప్రొడ్యూసర్, ఛానెల్ ముగ్గురూ చూసి వదిలారన్నమాట. క్లార్క్‌సన్ వంతెన మాట మీద ఆఫ్‌కామ్ పట్టుకున్నదీ ఇదే: షూటింగ్‌లోనో, తర్వాతో ఆ పదం సంగతి చూసుకునే అవకాశం వాళ్లకు ఉంది కదా అని.

వీడియో జత చేయాలి. సెట్‌టాప్ బాక్స్‌లో పెన్‌డ్రైవ్ రికార్డింగ్ ఉంటే మంచిది, లేదంటే ఫోన్‌తో తెరను తీసినా చాలు. కానీ ఛానెల్ లోగో కనపడాలి, ఆ మాటకు ముందు రెండు నిమిషాలు, తర్వాత రెండు నిమిషాలు ఉండాలి. ‘సందర్భం నుంచి విడదీసి చూపిస్తున్నారు’ అనేది ఛానెళ్ల మొదటి వాదన. పదిహేను సెకన్ల వాట్సాప్ ముక్క ఆ వాదన ముందు నిలబడదు.

ఎక్కడికి పంపాలి? ప్రతి ఛానెల్ ఒక ఫిర్యాదుల అధికారిని పెట్టుకుని, వివరాలు తన వెబ్‌సైట్‌లో ఉంచాలి. చాలాసార్లు ఆ పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఈమెయిల్ పంపాక 24 గంటల్లో అందినట్టు జవాబు రావాలి, 15 రోజుల్లో నిర్ణయం రావాలి. జవాబు రాకపోతే అదే మెయిల్ ప్రింటు తీసి స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు ఉంచుకోవాలి. మౌనంగా ఉన్నారన్నదానికి రెండో అంచెలో అదే ఆధారం.

తెలుగులో రాయొచ్చా అని అడుగుతారు. తెలుగు ఛానెల్‌కు తెలుగులోనే రాయండి. పైకి పోయేసరికి చదివేవాళ్లు ఢిల్లీలో ఉంటారు కాబట్టి యాంకర్ మాటలకూ ఫిర్యాదుకూ ఇంగ్లిష్ అనువాదం మొదటి రోజే జత చేసి పెట్టుకుంటే మంచిది. యాసలోని వెటకారం అనువాదంలో జారిపోతుంది, అందుకే ఆ మాట ఎందుకు అవమానమో రెండు వాక్యాల్లో విడిగా రాయాలి. ఈ సేవలో మాకు నచ్చనిది ముఖ్యంగా ఇదే. నియమం ప్రాంతీయ సమూహాల పరువు గురించి మాట్లాడుతుంది, వినే చెవి మాత్రం ఆ ప్రాంతంలో లేదు.

రెండో అంచెలో అసలు గందరగోళం మొదలవుతుంది. ఛానెల్ జవాబు నచ్చకపోతే 15 రోజుల్లో స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు చేయాలి. వినోద ఛానెళ్లకు 2011లో మొదలైన బీసీసీసీ ఉంది, వార్తా ఛానెళ్లకు ఎన్‌బీడీఎస్ఏ ఉంది, ఇంకా వేరేవీ ఉన్నాయి. ఏ ఛానెల్ ఎందులో సభ్యురాలో ముందు చూసుకోవాలి. సభ్యత్వం లేని ఛానెల్ మీద ఎన్‌బీడీఎస్ఏకు రాస్తే ‘మా పరిధిలో లేదు’ అని తిరిగొస్తుంది, ఈలోగా గడువు దాటిపోతుంది. ఎన్‌బీడీఎస్ఏ దారిలో ఇంకో మెలిక కూడా ఉంది: ప్రసారమైన 7 రోజుల్లోపే ఛానెల్‌కు ఫిర్యాదు పోయి ఉండాలి. అందుకే ఏ ఛానెల్ అయినా సరే, వారం దాటనివ్వొద్దు.

దొరికే శిక్ష చిన్నది. హెచ్చరిక, మందలింపు, క్షమాపణ స్క్రోల్. ఎన్‌బీడీఎస్ఏ జరిమానా గరిష్ఠం లక్ష రూపాయలు. ప్రైమ్ టైమ్ ప్రకటనల ముందు అదొక లెక్కా? ఇది చాలదన్న మాట 2023లో సుప్రీంకోర్టే అంది. అయితే ఒక మంచి చెప్పాలి. ఎన్‌బీడీఎస్ఏ తన ఆదేశాలను ఛానెల్ పేరుతో సహా బయట పెడుతుంది, వీడియో తొలగించమనీ ఆదేశిస్తుంది. జరిమానా కన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది.

గడువుల లెక్క ఒకసారి వేయండి. ఛానెల్‌కు 15 రోజులు, అప్పీలుకు మనకు 15, స్వీయ నియంత్రణ సంస్థకు 60. మొత్తం 90. ఛానెల్ తన ప్రసారాల రికార్డు ఉంచుకోవాల్సిందీ 90 రోజులే. అంటే కేసు కేంద్రం దగ్గరికి చేరేసరికి అసలు టేపు చెరిపేసినా అడిగే దిక్కుండదు. నమూనాలో ‘రికార్డును భద్రపరచాలి’ అన్న వాక్యం ఇందుకే. అది రాయని ఫిర్యాదు సగం ఫిర్యాదే.

మరి జిల్లాలో? ఇక్కడ సేవ రెండు ముఖాలుగా ఉంది. శాటిలైట్ ఛానెల్ మీద కలెక్టరు చేయగలిగింది ఫిర్యాదును పైకి పంపడం వరకే. లోకల్ కేబుల్ ఛానెల్ అయితే కథ వేరు. కేబుల్ టీవీ చట్టం, 1995 సెక్షన్ 19 ప్రకారం మతం, జాతి, భాష, కులం పేరుతో ద్వేషం పెంచే కార్యక్రమాన్ని కేబుల్ ఆపరేటర్ ప్రసారం చేయకుండా కలెక్టరే ఆపగలరు. సబ్ కలెక్టరు, ఆర్డీవో స్థాయి మేజిస్ట్రేట్లకూ ఆ అధికారం ఉంది. పండగ కార్యక్రమాల్లో, ఎన్నికలప్పుడు లోకల్ యాంకర్ల నోళ్లు ఎలా లేస్తాయో ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. కర్నూలులో సోమవారం సునయన ఆడిటోరియంలో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు. అర్జీ పైన ‘కేబుల్ టీవీ చట్టం సెక్షన్ 19, జిల్లా పర్యవేక్షణ కమిటీకి’ అని పెద్దగా రాయకపోతే అది ఏ శాఖకు పోతుందో దేవుడికే ఎరుక. ఆ కమిటీకి కలెక్టరు అధ్యక్షులు, ఎస్పీ సభ్యులు, జిల్లా పౌర సంబంధాల అధికారి సభ్య కార్యదర్శి. మహిళా కళాశాల ప్రిన్సిపాల్ ఒకరు కూడా ఉండాలి. కాబట్టి అర్జీ నకలు డీపీఆర్ఓ కార్యాలయంలో కూడా ఇచ్చి స్టాంపు వేయించుకోవాలి. 2022లో జిల్లాలు మారాయి కదా, ధర్మవరం వాళ్లు అనంతపురం పోతే పని కాదు, పుట్టపర్తికి పోవాలి.

కులం పేరుతో ఎస్సీ, ఎస్టీలను అవమానిస్తే ఈ దారులన్నీ పక్కన పెట్టి పోలీసు స్టేషన్‌కు పోవాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఆర్), (ఎస్), (యు) అందుకే ఉన్నాయి, దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. ఆన్‌లైన్‌లో పెట్టిన వీడియో కూడా బహిరంగంగా అన్నట్టే లెక్క అని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. కానీ ఎస్సీ వ్యక్తిని తిట్టిన ప్రతి తిట్టూ ఈ చట్టంలోకి రాదు, కులం కారణంగా అవమానించే ఉద్దేశం ఉండాలని సుప్రీంకోర్టు 2024లో స్పష్టం చేసింది. కోర్టుదాకా పోయే వీడియోకు అది ఏ ఫోన్‌తో ఎలా తీసిందో చెప్పే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, తీసిన ఫోన్‌ను ఫార్మాట్ చేయొద్దు. ఒంటి రంగు, ముఖకవళికల మీద ఎగతాళికి మాత్రం విడిగా నేరం లేదు. 2014లో ఢిల్లీలో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి నిడో తానియా మరణం తర్వాత బెజ్‌బరువా కమిటీ అలాంటి సెక్షన్లు పెట్టమంది, పెట్టలేదు.

బ్రిటన్‌లో అంతా బ్రహ్మాండమని కాదు. 2007లో ‘సెలబ్రిటీ బిగ్ బ్రదర్’లో తోటి పోటీదారులు శిల్పాశెట్టిని అన్న మాటల మీద ఆఫ్‌కామ్‌కు 44,500కు పైగా ఫిర్యాదులు పోయాయి. అంత జరిగినా ఛానెల్ 4కు జరిమానా పడలేదు. తప్పు చేశామన్న ప్రకటనను మూడుసార్లు చదవాల్సి వచ్చింది, అంతే. ఛానెల్‌కు చురుక్కుమన్నది వేరే చోట: స్పాన్సర్‌గా ఉన్న ఫోన్ల కంపెనీ రచ్చ నడుస్తుండగానే పక్కకు తప్పుకుంది.

అందుకే ఫిర్యాదు పంపిన రోజే దాని నకలు ‘సమర్పించు’ అంటూ తెర మీద పేరు వచ్చే కంపెనీ కస్టమర్ కేర్‌కు కూడా పంపండి. మన జిల్లాల్లో నగల దుకాణాలు, చీరల షాపులు, కాలేజీలు కూడా కార్యక్రమాలకు స్పాన్సర్లే. వాళ్లకు రాసేటప్పుడు నియమాల నంబర్లు అక్కర్లేదు, పొడుగు ఉత్తరమూ వద్దు. తేదీ, సమయం, యాంకర్ అన్న మాట, దాని పక్కనే వాళ్ల లోగో కనపడుతున్న స్క్రీన్‌షాట్ చాలు.