గోదావరి జిల్లాల్లో అమ్ముతున్న దంపుడు బియ్యం: ఏది కొనొచ్చు, ఏది వదిలేయొచ్చు

రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం దుకాణాల్లో ‘దంపుడు బియ్యం’ అని అమ్ముతున్నవాటిలో నిజంగా రోకటిపోటు తిన్నవి దాదాపు లేవు. అదేం పెద్ద లోపం కాదు. రోట్లో దంచినా, రబ్బరు రోలర్ల షెల్లర్‌లో, అంటే ఊక మాత్రమే తీసే మరలో ఆడించినా ఊక పోయి తవుడు పొర మిగిలితే చాలు. చిక్కల్లా ఒకే పేరు కింద మూడు రకాల సరుకు తిరగడంతోనే వస్తోంది. ఒకటి అసలు పాలిష్ పట్టని ముడి బియ్యం. రెండోది తవుడు సగానికి పైగా పోయిన సింగిల్ పాలిష్. మూడోది మామూలు తెల్ల బియ్యానికి తవుడు పొడి అంటించి సంచి కట్టిన మోసం.

తీర్పు ముందే చెప్పేస్తాం. సార్వా (ఖరీఫ్) వడ్లు కొన్ని నెలలు నిల్వ ఉంచి, అడిగినప్పుడు ఆడించి ఇచ్చే మిల్లు గానీ రైతు గానీ దగ్గర్లో ఉంటే ముడి బియ్యం కొనండి. లేకపోతే మంచి సింగిల్ పాలిష్ మేలు. ఆడించిన తేదీ లేకుండా, ప్యాక్ చేసిన తేదీ ఒక్కటే వేసిన ఖరీదైన వాక్యూమ్ ప్యాకెట్ మాత్రం డబ్బు దండగ.

తవుడు పొర కోసం ఇంత పట్టుబట్టడానికి కారణం అంకెల్లోనే ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల ముడి బియ్యంలో థయామిన్, అంటే బి1 విటమిన్, 0.27 మిల్లీగ్రాములు. మర పట్టిన తెల్ల పచ్చి బియ్యంలో 0.05. పీచు 4.4 గ్రాముల నుంచి 2.8కి, మాంసకృత్తులు 9.2 నుంచి 7.9కి పడిపోతాయి. మిగిలిన కాస్త బి1ని కూడా మనం నాలుగు నీళ్ళలో రుద్ది కడిగి, ఆపైన గంజి వార్చి పారబోస్తాం. పూర్వం ఆ కడుగు, ఆ గంజి కుడితి గోలెంలోకి పోయేవి. సారం పశువుకైనా దక్కేది.

ఇది మన ప్రాంతానికి కొత్త సంగతి కాదు. జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలైందే బి1 లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు మీద పరిశోధనా కేంద్రంగా. అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో బెరిబెరి బాగా ఉన్న చోటు ఉత్తర సర్కారులు, అంటే గోదావరి, కృష్ణా జిల్లాల వైపు. దక్షిణాన తమిళ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం తినేవారు కాబట్టి ఆ బెడద అక్కడ తక్కువ. వడ్లు నానబెట్టి ఉడికించినప్పుడు తవుడులోని బి విటమిన్లు గింజ లోపలికి దిగుతాయి. తర్వాత పాలిష్ పట్టినా కొంత నిలుస్తాయి. ఉప్పుడు బియ్యంలో బి1 0.17 మిల్లీగ్రాములు ఉండేది అందుకే. జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు పాలిష్ బియ్యం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవడం గమనించింది 1890ల్లో. ఆ పనికి 1929లో నోబెల్ వచ్చింది.

ఇంకో విడ్డూరం. మన డెల్టా మిల్లుల్లోనే బొండాలనే లావు వడ్లు ఉడకబెట్టి, ఉప్పుడు బియ్యం చేసి, కేరళకు లారీలు ఎత్తుతారు. ఇక్కడ మాత్రం ఆ వాసన పడదని ఎవరూ ముట్టరు. ముడి బియ్యం నమలలేని ఇంటికి ఉప్పుడు బియ్యం చవకైన మధ్యేమార్గం. దుకాణాల్లో కష్టం గానీ మిల్లు దగ్గర అడిగితే దొరుకుతుంది.

సరుకు పరీక్ష ఎలా చెయ్యాలంటే, ముందు గింజ కొన చూడండి. ముడి బియ్యంలో ఒక కొసన చిన్న పసుపుపచ్చ మొలక అంటుకుని ఉంటుంది. పాలిష్ పట్టిన గింజలో అక్కడ గంటు పడ్డట్టు ఖాళీ కనిపిస్తుంది. గుప్పెడు గింజల్లో ముప్పాతిక వంతుకైనా మొలక లేకపోతే అది ముడి బియ్యం కాదు, సంచి మీద ఏం రాసినా సరే. తర్వాత కాసిని గింజలు నీళ్ళలో వేసి అరచేతుల మధ్య రుద్దండి. నీళ్ళు బురదలా మారి గింజ తెల్లగా తేలితే తవుడు అంటించిన సరుకు. నల్ల బియ్యం రంగు వదలడం మాత్రం కల్తీకి గుర్తు కాదు. దాని పొరలో ఉండే రంగే నీళ్ళలో కరిగేది. ఊదారంగు నీళ్ళు చూసి దుకాణదారుతో తగువు పడకండి.

ఊళ్ళో పాత హల్లర్ మిల్లులో ముడి బియ్యం ఆడించమని అడగడం అనవసరం. హల్లర్ ఊకను, తవుడును కలిపే రాస్తుంది. పాలిష్ తగ్గిస్తే వడ్లు మిగులుతాయి, పెంచితే పొర పోతుంది, మధ్యలో నూకలు పడతాయి. రబ్బరు షెల్లర్, వడ్లు వేరుచేసే జల్లెడ ఉన్న చిన్న మరే కావాలి. దాళ్వా (రబీ) వడ్లు కూడా దీనికి అంత బాగోవు. ఏప్రిల్ ఎండకు గింజ లోపల పగుళ్ళు పట్టి మరలో విరుగుతాయి. దాళ్వా పంట ఎక్కువగా ఉప్పుడు మిల్లులకు వెళ్ళడానికి ఒక కారణం అదే.

నిల్వ దగ్గరే ఎక్కువమంది మోసపోతున్నారు. పాత బియ్యం మంచిదన్న మాట తెల్ల బియ్యానికి సరే. ముడి బియ్యానికి అది తిరగబడుతుంది. తవుడులో నూనె ఉంటుంది. ఊక ఉన్నంతకాలం దానికి రక్షణ. షెల్లర్ పడిన దగ్గర్నుంచీ ఆ నూనె గాలి తగిలి చెడుతూ వస్తుంది. కాబట్టి పాతబడాల్సింది వడ్లు, బియ్యం కాదు. నాలుగైదు నెలలు గాదెలోనో గోతాల్లోనో ఉన్న వడ్లు ఆడిస్తే అన్నం పొడిపొడిగా వస్తుంది. కొత్త వడ్లు ఆడిస్తే ముద్దవుతుంది. డెల్టా ఉక్కపోతకు ముడి బియ్యం నెల దాటితే పాత నూనె వాసన రావచ్చు. ముక్కు పురుగు కూడా తెల్ల బియ్యం కంటే దీన్ని ముందు పడుతుంది. మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో, ఇంటికి పదిహేను ఇరవై రోజులకు సరిపడా మాత్రమే ఉంచుకోండి. ఎక్కువ ఉంటే ఫ్రిజ్‌లో పెట్టండి. పురుగు పట్టకుండా బోరిక్ పౌడర్ కలిపి ఇస్తామంటే ఆ సరుకు వద్దు. అది తినే వస్తువు కాదు. కొనేటప్పుడు గింజ కొరికి చూడండి. టక్కున విరగాలి. పళ్ళ కింద మెత్తగా నలిగితే తేమ ఎక్కువని అర్థం. 14 శాతం దాటితే బూజు పడుతుంది.

వండటంలో కొలతలు వేరు. ముడి బియ్యం ఒక్క నీటితో కడిగి, కనీసం రెండు గంటలు నానబెట్టి, గ్లాసుకి రెండున్నర నుంచి మూడు గ్లాసుల నీళ్ళు పోసి అత్తెసరు పెట్టండి. కుక్కర్‌లో అయితే మూడు కూతలు వచ్చాక మంట తగ్గించి పన్నెండు నిమిషాలు ఉంచి, ఆవిరి దానంతటది దిగేదాకా మూత తియ్యకండి. పైన చితికి లోపల పలుకుగా ఉంటే నానింది చాలలేదు. కుక్కర్ సగానికి మించి నింపితే తవుడు నురగ పైకొచ్చి విజిల్ రంధ్రం మూసుకుంటుంది; చెంచాడు నూనె వేస్తే ఆ నురగ తగ్గుతుంది. వేసవిలో రాత్రంతా బయట నానబెడితే నీళ్ళు పులుస్తాయి. సింగిల్ పాలిష్‌కు అరగంట నాను, రెండుంబావు గ్లాసుల నీళ్ళు చాలు.

రుచి సంగతి కూడా దాచడం ఎందుకు. చేపల పులుసుతో, గోంగూరతో, ముద్దపప్పు ఆవకాయతో ముడి అన్నం బాగుంటుంది. పలుకు తగిలి, పులుపును పట్టుకుంటుంది. పెరుగన్నానికి అంతగా నప్పదు. పరమాన్నానికి, చక్కెర పొంగలికి అసలు వద్దు. పులిహోర చేసుకోవాలంటే సింగిల్ పాలిష్ వాడండి. ఇంట్లో పెద్దవాళ్ళు మొరాయిస్తే రెండూ సగం సగం కలపొచ్చు, కానీ ముడి బియ్యం విడిగా నానబెట్టి తర్వాత కలపాలి.

షుగర్ ఉన్నవాళ్ళ కోసమని అమ్మేవాళ్ళు చెప్పే మాటలు సగమే నిజం. రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందన్నది పాలిష్‌తో పాటు వరి రకం మీద కూడా ఆధారపడుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2012లో 235 రకాలు చూస్తే ఆ వేగాన్ని కొలిచే గ్లైసీమిక్ సూచిక 48 నుంచి 92 దాకా వచ్చింది. తక్కువ సూచిక ఉన్నవాటిలో మన స్వర్ణ ఒకటి. పశ్చిమ గోదావరి మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన ఎంటీయూ 7029 అదే. లావు బియ్యమని మనం తక్కువచేసి చూసే రకానికి ఉన్న సుగుణమిది. సూచిక ఎంత తక్కువైనా కేలరీలు మాత్రం మారవు: ముడి బియ్యమైనా తెల్ల బియ్యమైనా వంద గ్రాములకు 350కి అటూ ఇటూ. రోజుకు 2000 కేలరీల భోజనానికి పోషకాహార సంస్థ సూచించిన ధాన్యం మొత్తం 250 గ్రాములు, ఇడ్లీలో రవ్వ, అట్టులో బియ్యం కూడా అందులోనే. కూరలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. డెల్టా కంచంలో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. బియ్యం మార్చి కంచం మార్చకపోతే షుగర్ మీటర్‌లో పెద్ద తేడా ఆశించకండి. 2017కి సంబంధించిన ప్రపంచవ్యాప్త అంచనాలో తిండి లోపాల వల్ల పోయిన ప్రాణాలు కోటీ పది లక్షలు. వాటిలో సగానికి పైగా మూడింటి ఖాతాలోకే వెళ్ళాయి: ఉప్పు ఎక్కువ కావడం, పాలిష్ పట్టని ధాన్యాలు తక్కువ కావడం, పండ్లు తక్కువ కావడం. దంపుడు అన్నంలో రోజూ రెండు పూటలా ఊరగాయ కలుపుకునేవాళ్ళకు ఇందులో ఒకటే సర్దుకుంటుంది.

రంగు బియ్యాల గురించి ఎక్కువ చెప్పేందుకేం లేదు. ఎర్రవి, నల్లవి పీచు, రంగు పదార్థాల వరకు మంచివే, మందులు కావు. మోకాళ్ళ నొప్పి తగ్గుతుందని, గడ్డలు కరుగుతాయని రాసిన ప్యాకెట్లు పక్కన పెట్టండి.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడక్కుండా ముడి బియ్యానికి మారకూడదు. తవుడులో భాస్వరం, పొటాషియం ఎక్కువ. పసిపిల్లల తొలి అన్నానికీ ఇది వద్దు. తవుడులోని ఫైటేట్లు ఇనుము ఒంటబట్టకుండా అడ్డుపడతాయి.

ఇక ధర. వంద కిలోల వడ్లలో ఊక తీస్తే ముడి బియ్యం 78 కిలోల దాకా వస్తుంది. పూర్తి పాలిష్ పడితే నూకలతో కలిపి 68 నుంచి 70. బరువు ఎక్కువ వచ్చే సరుకు చవకగా ఉండాలి కదా? మిల్లుకు తవుడు అమ్ముకునే లాభం పోతుంది, సరుకు త్వరగా చెడి వెనక్కి వస్తుంది, తాలు, వడ్లు ఏరడానికి కూలీ అవుతుంది. అందుకని సన్నబియ్యం కంటే కాస్త ఎక్కువ అడిగితే ఒప్పుకోవచ్చు. రెట్టింపు ధరకు మాత్రం మంచి సంచి తప్ప ఏ కారణమూ లేదు. మిల్లు దగ్గర బేరమాడేటప్పుడు మూడే అడగండి: ఏ రకం వడ్లు, ఏ పంట, ఏ రోజు ఆడించారు. మూడింటికీ తడుముకోకుండా జవాబు వస్తే మొదట రెండు కిలోలు తీసుకుని, ఒక పూట వండి చూసి, తర్వాత పదిహేను రోజుల సరుకు చెప్పండి.