పెద్దమ్మకి భువనేశ్వర్ కేర్ హోమా, విశాఖ కేర్ హోమా?

మేం ఒడిశాలోని బరంపురం తెలుగువాళ్లం. పెద్దమ్మకి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముదిరి ఇంట్లో చూసుకోవడం ఇక కుదరదన్నప్పుడు మా ముందున్న దారులు ఈ రెండే. దూరం చూస్తే భువనేశ్వరే నయం, రైల్లో 165 కిలోమీటర్ల చిల్లర, పొద్దున్న వెళ్లి చూసి రాత్రికి ఇల్లు చేరొచ్చు. విశాఖ 270 పైమాటే.

కానీ నా ఓటు విశాఖకే. పెద్దమ్మ ఒకప్పుడు బజార్లో ఒడియా గలగలా మాట్లాడేది. ఈ జబ్బులో తర్వాత నేర్చుకున్న భాష కొందరికి ముందు జారిపోతుంది, ఆమెకీ అంతే. చీర కొంగు నలుపుతూ "ఒంటికెళ్లాలే" అంటే, భువనేశ్వర్‌లో తెలుగు రాని ఆయా గ్లాసుతో నీళ్లు తెచ్చిస్తుంది, కాసేపటికి బట్టలు తడుస్తాయి, పెద్దమ్మ అరుస్తుంది, "పేషెంట్ గొడవ చేస్తోంది" అని రాసుకుంటారు. తలచుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది.

అయితే విశాఖలో చెప్పకుండా వెళ్లి చూసొచ్చే బంధువు ఒక్కరైనా ఉండాలి. లేకపోతే భువనేశ్వరే, కాకపోతే రాత్రి డ్యూటీలో తెలుగొచ్చిన మనిషి ఉన్నారా అని అడగండి. ఫీజులు ఎలాగూ వాళ్లే చెప్తారు. సాయంత్రం అలజడి మొదలైతే ఏం చేస్తారో మాత్రం రెండు చోట్లా అడగండి, వెంటనే నిద్రమాత్ర పేరు ఎత్తితే అక్కడ చేర్చకండి.