ఒకే కత్తికి మూడు ఒరలు: ఏళ్ల తరబడి వాడి చూశాక

మధ్యయుగపు కత్తుల నమూనాలు కొనేవాళ్లు ఉక్కు గురించి, బరువు గురించి, పిడి పనితనం గురించి గంటల తరబడి మాట్లాడతారు. ఒర మాట వచ్చేసరికి కత్తితో పాటే వస్తుంది కదా అని తేల్చేస్తారు. నన్నడిగితే కత్తిని కాపాడేదీ పాడుచేసేదీ ఒరే. జర్మనీలోని లైప్‌జిగ్‌లో పదమూడో శతాబ్దపు జీవితాన్ని ప్రదర్శించే బృందంలో చేరినప్పటి నుంచి నేను ఒకే కత్తికి మూడు రకాల ఒరలు వాడాను. మొదటిది కత్తితో వచ్చిన తోలు ఒర. మిగతా రెండూ నేను చేసుకున్న చెక్క ఒరలు, ఒకదానికి లోపల ఉన్ని పొర ఉంది, ఇంకోదానికి లేదు. ఏళ్లు గడిచాక ఏది నిలిచింది, ఎందుకు నిలిచింది అన్నదే ఈ సమీక్ష.

ముందు కత్తి సంగతి. ఇవార్ట్ ఓక్‌షాట్ అనే బ్రిటిష్ పరిశోధకుడు మధ్యయుగపు కత్తులను ఆకారాన్ని బట్టి వర్గీకరించాడు. అందులో 12వ రకానికి చెందిన నమూనా నాది. బ్లేడు పొడవు దాదాపు 80 సెంటీమీటర్లు. పిడి దగ్గర వెడల్పు 5 సెంటీమీటర్లు, మొన వైపు సన్నబడుతూ పోతుంది. మందం కూడా అంతే, పిడి దగ్గర 5 మిల్లీమీటర్లుంటే మొన దగ్గర అందులో సగం కూడా ఉండదు. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, ఒర పనిలో కష్టమంతా దానివల్లే. ఇలాంటి నమూనా కత్తులు మన దేశంలో డెహ్రాడూన్‌లో కూడా తయారై ఇక్కడికి వస్తాయి. 1943లో అక్కడ మొదలైన విండ్‌లాస్ స్టీల్‌క్రాఫ్ట్స్ పేరు యూరప్‌లో కత్తులు సేకరించేవాళ్లందరికీ తెలుసు. నాది మాత్రం యూరప్‌లోనే చేసిన కత్తి.

దాంతో వచ్చిన తోలు ఒర గురించి చెప్పాల్సింది తక్కువ. 3 మిల్లీమీటర్ల మందపు తోలును మడిచి ఒక పక్కన కుట్టారు, లోపల చెక్క లేదు. కొత్తలో బిగుతుగానే ఉండేది. అయితే కుట్టు పడింది సరిగ్గా కత్తి అంచు ఆనే చోటే. మా ప్రదర్శనల్లో వాడే కత్తులకు పదును ఉండదు. అయినా దూసిన ప్రతిసారీ ఆ మొద్దు అంచు దారాన్ని ఒరుసుకుంటూ పోయి, కొంతకాలానికే మధ్యలో కుట్లు తెగిపోయాయి. ఒకసారి వానలో తడిసి మెత్తబడి వంగింది. ఆరాక ఆ వంపు అలాగే ఉండిపోయింది. బ్లేడు మీద కుట్టు వెంబడి గోధుమరంగు తుప్పు చుక్కలు వరసగా పడ్డాయి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, పచ్చి చర్మాన్ని పదును చేసి తోలుగా మార్చేటప్పుడు అందులో మిగిలిపోయిన ఆమ్లం దానికి తోడవుతుంది. ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో, కాపర్‌గేట్ అనే చోట 1976 నుంచి 1981 దాకా జరిగిన తవ్వకాల్లో, తడి నేల పుణ్యమా అని చెడకుండా మిగిలిన చాకుల తోలు ఒరలు బయటపడ్డాయి. చాకుకు ఉత్త తోలు ఒర చక్కగా సరిపోతుంది. చెయ్యంత పొడవున్న ఖడ్గానికి సరిపోదు.

ఈ మధ్య ప్లాస్టిక్ గుల్లకు తోలు అతికించిన ఒరలు కూడా అమ్ముతున్నారు. మా బృందంలో ఒకరి దగ్గర ఉంది. వానకు ఉబ్బదు, విరగదు. కానీ లోపల కత్తి లొటలొటలాడుతుంది. నాకు ఆ చప్పుడు ఒక్కటి చాలు దాన్ని పక్కన పెట్టడానికి.

ఇక చెక్క. నా ఓటు పాప్లర్ చెట్టు చెక్కకే. తేలిక, ఉలికి లొంగుతుంది, పోగు తిన్నగా ఉంటుంది. బీచ్ చెట్టు చెక్క గట్టిదే కానీ బరువెక్కువ, వాతావరణం మారినప్పుడల్లా ఉబ్బుతూ కుంచించుకుపోతూ ఉంటుంది. ఓక్ జోలికి అసలు పోవద్దు. దాని నుంచి వెలువడే అసిటిక్ ఆమ్లం మూసిన ఒరలో ఉక్కును నెమ్మదిగా తినేస్తుంది. తెల్ల జిగురు కూడా ఆరేటప్పుడు అదే ఆమ్లాన్ని వదులుతుంది కాబట్టి, అది వాడితే అతికించిన తర్వాత కొన్ని వారాల పాటు కత్తిని లోపల పెట్టకపోవడం మంచిది. నేను జంతు చర్మాన్ని ఉడికించి తీసే పాతకాలపు జిగురు వాడాను.

జపాన్ కత్తుల ఒరలను హోనోకి అనే మాగ్నోలియా చెక్కతో చేసి, అన్నం మెతుకులు నూరిన జిగురుతో అతికిస్తారు. లోపల మురికి చేరితే ఆ అతుకు విడదీసి శుభ్రం చేసుకోవచ్చు. యూరప్ ఒరకు ఆ వీలు లేదు. ఒకసారి తోలు తొడిగి కుట్టేశాక దాన్ని చెడగొట్టకుండా లోపలికి వెళ్లే దారే ఉండదు. అందుకే తొలిచే పని దగ్గర ఎంత ఓపిక పడితే అంత మంచిది.

రెండు పలకలు తీసుకుని, బ్లేడును ఒక్కోదాని మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీస్తాను. గీత బయట రెండు పక్కలా మరో మిల్లీమీటరు వదులుతాను, ఎందుకంటే కత్తి అంచులు చెక్కను ఎక్కడా తాకకూడదు. తాకితే దూసినప్పుడల్లా సన్నటి పొట్టు లేచి అడుగున పేరుకుంటుంది, ఆ పొట్టు తేమ పీల్చి మొనకు తుప్పు పట్టిస్తుంది. తొలిచే లోతు పిడి దగ్గర రెండున్నర మిల్లీమీటర్లతో మొదలై, మొన వైపు తగ్గుతూ ఒక మిల్లీమీటరుకు రావాలి. అంతటా ఒకే లోతు తొలిస్తే నోటి దగ్గర బిగువుగానే కనిపిస్తుంది, కింద మాత్రం మొన గోడలకు కొట్టుకుంటుంది.

ఇంత సన్నటి తేడాను కన్ను పట్టలేదు, మసి పట్టగలదు. బ్లేడుకు పలచగా నూనె రాసి దీపపు మసి పట్టించాలి. పలకలు రెంటినీ కలిపి క్లాంపులతో బిగించి, కత్తిని లోపలికి దించి, తిన్నగా బయటికి లాగాలి. పలకలు విప్పితే తెల్లటి చెక్క మీద ఎక్కడెక్కడ ఒరుసుకుందో అక్కడక్కడ నల్లటి చారలుంటాయి. ఆ చారల మీద మాత్రమే ఉలి అంచును నిలువుగా పెట్టి గీకాలి. పొట్టు లేవకూడదు, పొడి రాలాలి. మళ్లీ మసి, మళ్లీ క్లాంపులు. చివరికి నలుపు ఒర నోటి దగ్గర నాలుగు వేళ్ల మేర, అదీ బ్లేడు చదును మీద మాత్రమే మిగిలితే పని పూర్తయినట్టు. అప్పుడు ఒరను మెత్తటి పరుపు మీద తలకిందులుగా పట్టుకుంటే కత్తి జారదు, గట్టిగా ఒక్క కుదుపు ఇస్తే కదులుతుంది. మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

అతికించాక బయటి వైపు చిత్రిక పట్టి, గోడ మందం రెండు మిల్లీమీటర్లకు తెస్తాను. అంత పలచని చెక్క విరిగిపోదా అని అందరూ అడుగుతారు. ఒంటరిగా అయితే విరుగుతుంది. అందుకే జిగురులో ముంచిన నారగుడ్డను దాని చుట్టూ బిగించి చుడతాను. పాత ఒరల్లో కొన్నింటికి తోలు కింద ఇలాంటి గుడ్డ పొర కనిపిస్తుంది. ఉన్ని పొర ఉన్న నా ఒరకు గుడ్డ చుట్టలేదు, ఏళ్లు గడిచేసరికి దాని అతుకు కింది భాగంలో విడిపోయింది. గుడ్డ చుట్టినది ఒకసారి గుడారంలో ఒకరి కాలి కింద పడి కూడా చెక్కుచెదరలేదు. బెల్టు కాకుండా దాని బరువు దాదాపు 300 గ్రాములు.

ఉన్ని పొర గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మధ్యయుగపు తొలి శతాబ్దాల ఒరల్లో గొర్రె తోలును ఉన్నితో సహా లోపల పరిచేవారు. ఉన్నిలోని లానోలిన్ అనే కొవ్వు కత్తికి నూనెలా పనిచేసి తుప్పు రానివ్వదని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. మాట నిజమే, కానీ అది పచ్చి ఉన్ని సంగతి. ఇవాళ బజారులో దొరికే గొర్రె తోళ్లను పదును చేసేటప్పుడే కొవ్వంతా కడిగేస్తారు, మిగిలేది నీళ్లు పీల్చే ఉత్త ఉన్ని. నేను విడిగా లానోలిన్ కొని రుద్దాకే ఆ ఒరలో బ్లేడు శుభ్రంగా ఉండడం మొదలైంది. కత్తి దిగేటప్పుడు చప్పుడు లేకుండా, నూనెలో దిగినంత హాయిగా దిగుతుంది. ఆ సుఖం మరే ఒరలోనూ లేదు. కానీ వాడేకొద్దీ నోటి దగ్గర ఉన్ని అణిగిపోయి పట్టు వదులైంది. తడిస్తే లోపల ఆరడానికి రోజులు పడుతుంది. ఎండలో నిలబడే ప్రదర్శనలకైతే తప్పకుండా చేయించుకోండి. వానల్లో తిరిగేవాళ్లకు పొర లేని పాప్లరే మేలు.

తోలు దగ్గర ఒక్క నియమం పాటిస్తే చాలు. చెట్ల బెరడుతో పదును చేసిన తోలే కావాలి, 1 నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం. మన వైపు తంగేడు బెరడుతో పదును చేసినట్టే యూరప్‌లో ఓక్ బెరడుతో చేసేవారు. ఈ తోలు తడిస్తే సాగుతుంది, ఆరితే బిగుస్తుంది. ఆ గుణం మీదే ఒర అంతా ఆధారపడి ఉంటుంది. చుట్టుకొలత కంటే కాస్త తక్కువ వెడల్పుకు కత్తిరించి, తడిపి, చెక్క మీదికి సాగదీసి వెనక వైపు మధ్యగా కుడతాను. ఆరెతో పొడిచే రంధ్రం తోలు అంచులోంచి మొదలై లోపలి ముఖం వైపు తేలాలి, పై ముఖానికి రాకూడదు. రెండు సూదులతో, తేనెమైనం పట్టించిన నార దారంతో ఇలా కుడితే రెండు అంచులూ పక్కపక్కనే ఆనుకుంటాయి, కుట్టు పైకి లేవదు. ఏళ్లు గడిచినా నా ఒరలో ఒక్క కుట్టూ తెగలేదు, కత్తి అంచు ఆ దారాన్ని తాకే అవకాశమే లేదు కాబట్టి. నల్లరంగు కావాలంటే ఇనుప మేకులు నానబెట్టిన వెనిగర్ రాయండి, తోలులోని టానిన్‌తో కలిసి అది చెరిగిపోని నలుపవుతుంది. తర్వాత తినే సోడా నీళ్లతో తుడవడం మరవద్దు.

బెల్టు కోసం నేను ఎక్కువగా చూసింది నౌంబుర్గ్ కేథడ్రల్‌నే. లైప్‌జిగ్ నుంచి రైలులో వెళ్లి రావచ్చు. పడమటి భాగంలో పదమూడో శతాబ్దం నడిమి నాటి దాతల రాతి విగ్రహాలు 12 ఉన్నాయి. ఆ దాతల్లో ఒకడైన ఎక్కెహార్డ్ విగ్రహం దగ్గర ఒరకు చుట్టిన పట్టీని ఎంతసేపు చూసినా తనివి తీరదు. ఆ కాలపు బెల్టుల్లో చాలావాటికి బకిల్ ఉండేది కాదు. ఒక కొసను రెండు నాలుకలుగా చీల్చి, రెండో కొసలోని గాట్లలోంచి దూర్చి ముడి వేసేవారు. ఒర దగ్గర పట్టీలను సన్నగా చీల్చి, తోలులో పెట్టిన గాట్ల గుండా అల్లేవారు. ఆ అల్లికే ఒరను ఏటవాలుగా నిలబెడుతుంది. సరిగ్గా కుదిరితే పిడి చేతికందుతుంది, నడుస్తుంటే ఒర కాళ్లకు అడ్డం రాదు.

ఈ బెల్టులకు పటికతో పదును చేసిన తెల్లటి తోలు వాడడం ఆనవాయితీ. చూడ్డానికి ఎంతో అందం. కానీ నీళ్లు తగిలితే పటిక కడుక్కుపోతుంది. ఒక పెద్ద వాన తర్వాత నా తెల్ల బెల్టు అట్టలా బిగుసుకుపోయింది, చేత్తో నలిపి నలిపి మళ్లీ దారికి తేవాల్సి వచ్చింది. ఒర కొసకు తొడిగే ఇత్తడి పొన్ను మాత్రం తప్పనిసరి. మోకాళ్ల మీద కూర్చున్నప్పుడల్లా ఒర కొస నేలకు రాసుకుంటుంది, పొన్ను లేని ఒరకు అక్కడ తోలు అరిగి చెక్క బయటపడింది.

ఒర విలువ ఆ కాలం వాళ్లకు బాగా తెలుసు. వియన్నా రాజభాండాగారంలోని పవిత్ర రోమన్ సామ్రాజ్యపు ఖడ్గాన్ని చూడండి. కత్తి 1200 ప్రాంతానిది, ఒర పదకొండో శతాబ్దానిది. ఆలివ్ చెక్క మీద బంగారు రేకులు, వాటి మీద షార్లమేన్ మొదలు 14 మంది రాజుల బొమ్మలు. ఒరను నిలుపుకుని, దానిలోకి వేరే కత్తిని తెచ్చారు.

సంరక్షణ పెద్ద పనేమీ కాదు. ప్రదర్శన ముగిశాక కత్తిని తుడిచి, పలచగా నూనె రాసి, ఒర బయటే ఉంచుతాను. నెలల తరబడి ఏ ఒరలోనూ కత్తిని దాచవద్దు, ఎంత మంచి చెక్కయినా సరే. తోలుకు ఏడాదికోసారి తేనెమైనం సరిపోతుంది. జర్మనీలో ఉండేవాళ్లకు ఇంకో మాట: చట్టం దృష్టిలో ఒర అంటే తాళం వేసిన పెట్టె కాదు. రైలులో తీసుకెళ్లేటప్పుడు తాళం ఉన్న పెట్టెలో పెట్టుకోవాల్సిందే.

సామగ్రికి నాకు వంద యూరోల లోపే అయింది. చేతిపని వాళ్ల దగ్గర చేయించుకుంటే కొన్ని వందల యూరోలవుతుంది, ఆ పనికి అది న్యాయమైన ధరే. కాకపోతే వాళ్లకు కొలతలు పంపితే సరిపోదు, కత్తినే పంపాలి. ఒకే నమూనాలో చేసిన రెండు కత్తుల మధ్య కూడా మందంలో తేడా ఉంటుంది. పొడవు, వెడల్పు చెబితే చాలు చేసిస్తామనే వాళ్ల దగ్గర కొనకండి.