ఫ్యామిలీ లింక్‌తో రెండున్నరేళ్లు: విజయవాడ పటమటలో మా ఇంటి అనుభవం

మా వాడికి ఫోన్ ఇచ్చింది 2023 జూన్‌లో, ఎనిమిదో తరగతిలో చేరినప్పుడు. ట్యూషన్ బెంజ్ సర్కిల్ అవతల. సైకిల్ మీద వెళ్లి వచ్చేసరికి చీకటి పడుతుంది. ఫోన్ చేతికిచ్చిన రోజే గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ పెట్టేశాం, పిల్లల ఫోన్‌ని మన ఫోన్ నుంచే అదుపులో పెట్టుకునే యాప్ అది. ఉచితమే, అరగంట పని. పిల్లల దగ్గర ఉండేది ఆండ్రాయిడ్ ఫోన్ అయితేనే దీని పూర్తి ఉపయోగం.

కొత్త యాప్ వేసుకోవాలంటే మన ఫోన్‌కి అనుమతి అడుగుతూ మెసేజ్ వస్తుంది. రోజుకి ఇన్ని గంటలని లిమిట్ పెట్టొచ్చు. రాత్రి ఫలానా టైమ్‌కి ఫోన్ లాక్ అయ్యేలా డౌన్‌టైమ్ పెట్టొచ్చు. ఫోన్ ఎక్కడుందో మ్యాప్‌లో కనిపిస్తుంది. ఏ యాప్ ఎన్ని నిమిషాలు చూశాడో తెలుస్తుంది గానీ, ఎవరితో ఏం మాట్లాడాడో తెలియదు. నేను మొదట్లో అదే పెద్ద లోటనుకున్నాను.

మొదటి ఆరు నెలలూ యాప్‌ని వాడు భరించాడు, నేను వాడేశాను. కూర కలుపుతూ కూడా మ్యాప్ చూసేదాన్ని. ఒకరోజు చుక్క ఆటోనగర్ దగ్గర ఆగిపోయింది. స్కూటీ వేసుకుని పరుగెత్తాను. వాడు ట్యూషన్లోనే ఉన్నాడు. ఫోన్లో డేటా ఆపేసి ఉంది, అంతే. ఆ చుక్క ఎంతసేపటి కిందటిదో పక్కనే రాసి ఉంటుంది, కంగారులో నేను చూడలేదు. స్నేహితుల ముందు వాడి మొహం చూడలేకపోయాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

డిసెంబర్‌లో పదమూడు నిండాయి. అప్పటి నిబంధన ప్రకారం ఆ వయసు రాగానే, ఈ పర్యవేక్షణ కొనసాగాలో వద్దో పిల్లలే తేల్చుకోవచ్చు. ఇద్దరికీ మెయిల్ వచ్చింది. నా గుండెల్లో రాయి పడింది. వాడు మాత్రం కూరగాయల బేరంలా మొదలుపెట్టాడు: "ఉంచుకుంటానమ్మా, కానీ లొకేషన్ తీసెయ్. ఎక్కడికెళ్తే అక్కడి నుంచి నేనే చెప్తా." ఒప్పుకున్నాను. మనసులో మాత్రం ఒప్పుకోలేదు.

ఆ మాటకి పరీక్ష 2024 సెప్టెంబర్ 1న వచ్చింది. బుడమేరు వరద. వాడు శుక్రవారం సాయంత్రమే సింగ్ నగర్‌లో మా అమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆదివారం కింది వాటా మునిగింది, అందరూ మేడమీద. కరెంటు లేదు, కాల్స్ కలవట్లేదు, వాట్సాప్ మాత్రం ఉండుండి వెళ్తోంది. మ్యాప్ చూద్దామంటే నేనే తీసేశాను కదా. అయితే వాడు అడక్కుండానే లొకేషన్ పంపాడు, నీళ్లు ఎన్ని మెట్లెక్కాయో గంటకోసారి ఫొటో తీసి పెట్టాడు. ఆ లొకేషన్ పట్టుకునే మా తమ్ముడు పడవ కోసం తిరుగుతున్నాడు.

రాత్రి పది తర్వాత మెసేజ్‌లు ఆగిపోయాయి.

బ్యాటరీ అయిపోయిందనుకున్నాం. ఇంకేవేవో కూడా అనుకున్నాం. పదకొండు దాటాక ఎలాగో ఒక కాల్ కలిసింది. "పదింటికి నువ్వే లాక్ చేశావు కదమ్మా" అన్నాడు. కోపం కూడా లేదు ఆ గొంతులో. డౌన్‌టైమ్! తీసేయాలన్న ఆలోచనే నాకు రాలేదు. నా ఫోన్లో ఇప్పుడు తీసేసినా, అక్కడ నెట్ అందితేనే వాడి ఫోన్ తెరుచుకుంటుంది. యాప్‌లో పేరెంట్ యాక్సెస్ కోడ్ అని ఒకటుంది, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. అది వెతికి ఫోన్లోనే అంకెలు చదివి వినిపించాను. మీరు ఈ యాప్ పెట్టుకుంటే ఆ కోడ్ ఎక్కడుంటుందో ముందే చూసి పెట్టుకోండి. ఇప్పుడు వాడు ఊళ్లో వేరే ఇంట్లో పడుకుంటున్నాడంటే ఆ పూట డౌన్‌టైమ్ తీసేయడం మాకు గ్యాస్ కట్టేసినంత అలవాటు.

ఇన్‌స్టాగ్రామ్ పద్నాలుగేళ్లకి ఇచ్చాం. అందులో టీన్ అకౌంట్లు 2025 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చాయి. అకౌంట్ దానంతటదే ప్రైవేట్‌గా ఉంటుంది, పదహారు లోపు వాళ్లు ఆ కట్టుబాట్లు సడలించాలంటే పెద్దల అనుమతి కావాలి. ఈ వారంలో ఎవరితో చాటింగ్ చేశాడో పేర్లు చూడొచ్చు, మాటలు కాదు. నేను రెండుసార్లు చూసి మానేశాను.

ఏ యాప్‌కీ అందనిది మొన్న దసరాకి జరిగింది. గేమ్‌లో పరిచయమైన ఒకడు కాయిన్స్ చవగ్గా ఇస్తానని, మా వాడి చేత వాళ్ల నాన్న ఫోన్‌కొచ్చిన ఓటీపీ చెప్పించుకోబోయాడు. రిపోర్ట్‌లో ఆ రోజు కనిపించేది "గేమ్, 41 నిమిషాలు" అంతే. వాడే వచ్చి చెప్పాడు, చెవులు ఎర్రగా ఉన్నాయి. డబ్బు పోలేదు. పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని ఇద్దరం కలిసి చదువుకున్నాం. ఫోన్ లాక్కోలేదు. లాక్కుందామని వాళ్ల నాన్న అన్నారు, ఆ రాత్రి ఇంట్లో అదో గొడవ.

మార్కులంటే, ఐదుకి మూడున్నర ఇస్తాను. పదేళ్ల పిల్లలుంటే నాలుగున్నర. వయసు పెరిగేకొద్దీ ఒక్కో తాళం తీస్తూ పోవడానికి బాగుంది, కొత్తగా బిగించడానికి కాదు. ఇప్పుడు మాకు మిగిలినవి రెండే: డౌన్‌టైమ్, కొత్త యాప్‌లకి అనుమతి. పదో తరగతి పరీక్షలయ్యాక అవీ తీసేయాలని ఒప్పందం. ఆ తేదీ వాడే నా ఫోన్ క్యాలెండర్‌లో పెట్టాడు, రిమైండర్‌తో సహా.