డబ్బు పంపేముందు నాలుగు టైర్ల తేదీ అంకెలూ చూడండి: నేను మోసపోయిన తీరు

ఆటోక్రాస్ (కోన్లు పేర్చి గీసిన దారిలో ఒక్కో బండీ విడిగా, గడియారంతో పోటీపడే ఆట) కోసం వాడిన టైర్లు కొనాలనుకుంటున్న మిత్రులందరికీ ఈ హెచ్చరిక. పోటీ ముగిసి రెండు రోజులే అయింది, నా కోపం ఇంకా చల్లారలేదు. అయినా ఆగకుండా రాస్తున్నాను, ఎందుకంటే నాకు టైర్లు అమ్మిన వ్యక్తే నిన్న రాత్రి మరో నాలుగింటిని దాదాపు అవే మాటలతో అమ్మకానికి పెట్టాడు. పేరు రాయను. మన పోటీల్లో టైర్లు చేతులు మారేది ఎక్కువగా ఎవరి ద్వారానో మీలో చాలామందికి తెలుసు. అందరికీ తెలిసిన మనిషి కదా అన్న ధైర్యంతోనే నేనూ డబ్బు ముందుగా పంపాను.

నా పాత టైర్ల బయటి భుజాలు (అంచులు) అరిగిపోయాయి, ఈ ఏడాది కొత్త సెట్టు కొనే స్తోమత నాకు లేదు. సరిగ్గా ఆ సమయంలో ఆయన ప్రకటన కనిపించింది. 200 ట్రెడ్‌వేర్ (అరుగుదల అంకె) టైర్లనీ, రెండు పోటీలే తిరిగాయనీ, ట్రెడ్ (నేలను తాకే గాళ్ల రబ్బరు) ఆరు మిల్లీమీటర్లు మిగిలి ఉందనీ, ఈ సీజన్‌లోనే తీసుకున్నవనీ, ధర కొత్తవాటిలో సగమేననీ అందులో ఉంది. తయారీ తేదీ ఏమిటని అడిగాను. "ఈ సీజన్‌వే అన్నా, మీకు అబద్ధం చెప్తానా" అని జవాబు వచ్చింది. టైర్లను ఒకదానిపై ఒకటి పేర్చి, ట్రెడ్ కనిపించేలా తీసిన ఫొటోలు మూడు, పక్కగోడ కనిపించే ఫొటో ఒకటి పంపాడు. ఆ పక్కగోడ మీద డీఓటీ (అమెరికా రవాణా శాఖ గుర్తు, దాని వెంటే టైరు కోడు ఉంటుంది) అన్న అక్షరాలున్నాయి గానీ, తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెప్పే చివరి నాలుగు అంకెలు లేవు. చాలా టైర్లకు ఆ నాలుగు అంకెలు ఒక పక్కనే ఉంటాయి, రెండో పక్కన కోడులో కొంత భాగమే ఉంటుంది. ఈ సంగతి నాకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. అన్నీ తెలిసి కూడా "రెండో పక్క ఫొటో పంపండి" అన్న ఒక్క మాట అడగలేకపోయాను. అడిగితే ఆయనను అనుమానించినట్లవుతుందని మొహమాటపడ్డాను, ఆ మొహమాటానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేకపోతున్నాను.

టైర్లు పోటీకి ముందురోజు సాయంత్రం చేరాయి. నల్లగా నిగనిగలాడుతున్నాయి. గేజీ పెట్టి చూస్తే ట్రెడ్ నిజంగానే ఆరు మిల్లీమీటర్లుంది, దాంతో సంతోషించి, హడావిడిగా రిమ్ములకు ఎక్కించుకున్నాను. ఎక్కించేటప్పుడు అంకెలున్న పక్క లోపలికి పోయింది. చేతికి జిడ్డు అంటుకున్నప్పుడైనా ఆగి ఆలోచించవలసింది. రెండు పోటీలు తిరిగిన టైరు మీద రాయి నలిగిన గరుకు, రబ్బరు ముద్దలు అంటుకున్న మరకలు ఉండాలి గానీ పాలిష్ జిడ్డు ఎందుకుంటుంది?

మర్నాడు మొదటి రన్‌లో మూడో మలుపు దగ్గర స్టీరింగు తిప్పాను, బండి తిరగలేదు, ముందు చక్రాలు జారుకుంటూ నేరుగా వెళ్లి రెండు కోన్లను పడగొట్టాయి. కోనుకు రెండు సెకన్ల చొప్పున జరిమానా. తప్పు నా డ్రైవింగుదేమో అనుకొని రెండో రన్ మరింత నెమ్మదిగా మొదలుపెట్టాను, అప్పుడు స్లాలమ్ (వరస కోన్ల మధ్య అటూ ఇటూ తిప్పే భాగం) చివర వెనక భాగం విసిరేసింది. టైరు భుజం మీద సుద్ద గీసి, అది ఎంతవరకు చెరుగుతోందో చూసుకుంటూ గాలి తగ్గించాను, పెంచాను. నాలుగు రన్లు అలాగే వృథా అయ్యాయి. పక్కనే బండి నిలిపిన మిత్రుడు తన డ్యూరోమీటర్ (రబ్బరు గట్టిదనం కొలిచే పరికరం, అంకె పెరిగితే రబ్బరు గట్టిదని అర్థం) తెచ్చి ట్రెడ్ మీద నొక్కాడు. నీడలో, ఒకే సమయంలో, ఆయన ఏడాది పాత టైరు మీద ముల్లు 66 చూపిస్తే నా టైరు మీద 84 చూపించింది. గోరు గుచ్చి చూశాను, ముద్ర పడలేదు. తడిగుడ్డతో ఒకచోట గట్టిగా తుడిస్తే మెరుపు పోయి, గాడి అడుగున వెంట్రుకల్లాంటి పగుళ్లు వరసగా బయటపడ్డాయి.

అప్పుడు టార్చి తీసుకొని బండి కిందికి వంగి, లోపలి పక్కన అంకెలు చదివాను. మూడు టైర్ల మీద 3417 అని ఉంది, అంటే 2017వ సంవత్సరంలో 34వ వారం. నాలుగోదాని మీద 1116, అంటే 2016 మార్చి. ఒకే సెట్టు అని అమ్మినవి కనీసం రెండు వేర్వేరు సెట్ల నుంచి ఏరి కలిపినవన్నమాట. మధ్యాహ్నం అరిగిపోయిన నా పాత టైర్లే మళ్లీ ఎక్కించాను. మొదటి రన్‌లోనే రెండు సెకన్లకు పైగా తగ్గింది, ఒక్క కోనూ పడలేదు.

ఇక ఫోను సంగతి. నన్ను నిద్రపోనివ్వనిది పోయిన డబ్బు కాదు, ఆ మూడు నిమిషాల మాటలు. అంకెలు చదివి వినిపించి, ఈ సీజన్‌వి అన్నారు కదా అని మర్యాదగానే అడిగాను. "ఈ సీజన్‌లో తీసుకున్నవి అన్నాను, ఈ సీజన్‌లో తయారయ్యాయి అని ఎప్పుడన్నాను?" అన్నాడు. అంటే ఆయన ఎవరి దగ్గరో ఈ సీజన్‌లో కొన్నాడు, ఆ కొనుగోలు తేదీని నాకు టైరు పుట్టిన తేదీగా అమ్మాడు. మాట పొరపాటున జారలేదు, ముందే ఆలోచించి కూర్చిన మాట అది. నేను అడిగింది తయారీ తేదీ అని, రాతపూర్వకంగా అడిగానని గుర్తుచేశాను. డబ్బు అందేదాకా ప్రతి మాటకూ "అన్నా", "మీరు" అన్న మనిషి ఒక్కసారిగా ఏకవచనంలోకి దిగాడు. "నీకు నడపడం రాకపోతే టైర్లేం చేస్తాయి? అవి వేడెక్కాలి, ముందు వేడెక్కించడం నేర్చుకో" అని ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత నా నంబరు ఆయన ఫోనులో మోగడం లేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్లు అన్న సామెతకు అర్థం నాకు ఆ రోజు తెలిసింది.

ఆ వేడెక్కించాలన్న మాట కొత్తగా వచ్చినవారు నిజమని నమ్మే ప్రమాదం ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఆటోక్రాస్‌లో ఒక రన్ చాలాచోట్ల నిమిషం లోపే ముగుస్తుంది, తర్వాత బండి వరసలో నిలబడి చల్లారుతుంది. అందుకే మనకు మొదటి మలుపుకే పట్టు ఇచ్చే టైరు కావాలి. యోకోహామా ఏ052 లాంటిది అలా త్వరగా పట్టు ఇస్తుంది, త్వరగా అరుగుతుంది కూడా. హాంకూక్ ఆర్ఎస్4 లాంటిది వేడెక్కడానికి సమయం తీసుకున్నా ఎక్కువకాలం మన్నుతుంది. ఈ తేడా టైరు తయారీలోనే ఉన్నది. వయసు మీరి గట్టిపడిన రబ్బరు విషయం పూర్తిగా వేరు. రబ్బరులో కలిపిన నూనెలు కాలం గడిచేకొద్దీ బయటికి పోతాయి, ఆక్సిజన్ దాన్ని లోపలినుంచి బిగిస్తుంది, పోటీలో వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఇంకొంత బిగుసుకుంటుంది. అలా బిగుసుకున్నదాన్ని ఎంత వేడిచేసినా మొదటి మెత్తదనం తిరిగిరాదు. ట్రెడ్ లోతు కొలిచే గేజీకి ఈ సంగతి తెలియదు, అందుకే ఆరు మిల్లీమీటర్లు ఉన్నా అవి చచ్చిన టైర్లే.

ఆయన ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసిన 200 అన్న అంకె కూడా ఈ విషయంలో ఏమీ చెప్పదు. అది అమెరికా నిబంధనల ప్రకారం, 100 అంకె ఉన్న ప్రామాణిక టైరుతో పోల్చి, 7,200 మైళ్ల రోడ్డు పరీక్షలోని అరుగుదలను బట్టి తయారీదారే తన టైరుకు ఇచ్చుకునే అంకె. అక్కడి ఎస్‌సీసీఏ అనే కార్ల క్లబ్బు నడిపే సోలో (ఆటోక్రాస్) పోటీల్లో స్ట్రీట్ క్లాసులకు కనీసం 200 ఉండాలన్న నియమం వల్ల మనమంతా ఆ అంకె చుట్టూ తిరుగుతున్నాం. టైరు పట్టునూ, వయసునూ అది కొలవదు.

రిమ్ముల నుంచి విప్పించినప్పుడు మరొకటి బయటపడింది. 2016 నాటి టైరుకు భుజం దగ్గర, ట్రెడ్ పక్కగోడతో కలిసేచోట, పంక్చరు అతుకు వేసి ఉంది. ట్రెడ్ మధ్యలో ఆరు మిల్లీమీటర్ల లోపు రంధ్రమైతే బాగుచేయవచ్చు, భుజం దగ్గర మాత్రం చేయకూడదు, ఎందుకంటే మలుపులో బరువంతా మోసి వంగేది అక్కడే. ఆ టైరు నా బండికి ముందువైపు ఉంది. నాలుగు రన్లూ దానిమీదే నడిపాను, పడిన కోన్లను లేపి నిలబెట్టడానికి మన తోటివారు ట్రాక్ పక్కనే నిలబడి ఉన్నారు. ఇది తలచుకున్నప్పుడల్లా నా డబ్బు సంగతి చిన్నదైపోతోంది.

కొనేవారు చేయవలసింది ఎక్కువేమీ లేదు. ఒక టైరుది కాదు, నాలుగింటి తేదీ అంకెల ఫొటోలూ అడగండి, అతుకులుంటే కనిపించేలా టైరు లోపలి వైపు ఫొటో కూడా అడగండి, "తీసుకున్నది ఎప్పుడు" అని కాక "తయారైంది ఏ వారం, ఏ సంవత్సరం" అని రాతలో అడగండి. వీలైతే స్వయంగా వెళ్లి, గుడ్డతో తుడిచి, డ్యూరోమీటర్ పెట్టి చూశాకే డబ్బు ఇవ్వండి. ధర సగమే కదా అని చూడకండి, ఆ టైరు ఇంకా ఎన్ని మంచి రన్లు ఇస్తుందో లెక్కవేసి ధరను దానితో భాగించండి. నా లెక్కలో ఆ సంఖ్య సున్నా అయింది.

ఇదే వ్యక్తి దగ్గర కొన్నవారు ఇంకెవరైనా ఉంటే మీ టైర్ల అంకెలు ఈరోజే చూసుకోండి. నా దగ్గరున్న నాలుగింటినీ మళ్లీ ఎవరి బండికీ ఎక్కకుండా రేపు పక్కగోడలు కోయించి పారేస్తున్నాను.