ఇనుప గేటుకి ఎపాక్సీ ప్రైమర్: ఏది కొనాలి, ఏది వదిలెయ్యాలి

పెయింట్ షాపులో ఎపాక్సీ ప్రైమర్ అడిగితే కౌంటర్ మీదకి మూడు రకాలు రావచ్చు: ఒకే డబ్బాలో వచ్చేది, జింక్ రిచ్, రెండు డబ్బాల జింక్ ఫాస్ఫేట్. ధర చూసి తేల్చుకునే వ్యవహారం కాదిది. ఇనుమును ఎంతవరకు శుభ్రం చేయగలరో ముందు చూసుకోండి, ఆ తర్వాతే డబ్బా.

ఒకే డబ్బాది చాలావరకు ఎపాక్సీ ఎస్టర్. గాలి తగిలి ఆరే రకం, ఎనామెల్‌కి దగ్గర చుట్టం. ఇంటి లోపలి గ్రిల్స్‌కి చాలు. రెండు డబ్బాల దానితో సమానమని అమ్మబోతే మాత్రం నమ్మకండి.

జింక్ రిచ్ పేరు గట్టిదే, గేటుకి మాత్రం దండగ. ఉక్కుకి రంగుల రక్షణ మీది అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12944 లెక్కలో ఆ పేరు పెట్టాలంటే ఆరిన పొర బరువులో కనీసం 80 శాతం జింక్ పొడి ఉండాలి. ఆ జింక్ ఇనుమును నేరుగా తాకి, తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. మధ్యలో తుప్పో, మిల్ స్కేలో (ఫ్యాక్టరీలో వేడి ఇనుము మీద ఏర్పడే నల్లటి పెచ్చు), పాత రంగో ఉంటే ఆ పని జరగదు. అందుకే సా 2½ స్థాయి బ్లాస్టింగ్, అంటే గరుకు రేణువుల్ని వేగంగా కొట్టి ఇనుమును దాదాపు పూర్తిగా శుభ్రం చేయడం, తప్పనిసరి. పైగా దాని మీద మామూలు ఎనామెల్ వేస్తే, అందులోని నూనె జింక్‌తో కలిసి సబ్బులా మారి పెచ్చులుగా ఊడుతుంది. జింక్ పూత ఉండే కొత్త జీఐ షీటు మీద నేరుగా ఎనామెల్ కొడితే జరిగేదీ ఇదే.

గ్రైండర్‌కి కప్ బ్రష్ బిగించి తోమే పనికి మా ఓటు పాలీఅమైడ్ హార్డనర్ ఉన్న జింక్ ఫాస్ఫేట్ ఎపాక్సీకే. రెండు డబ్బాల్లో ఒకటి రంగు ఉండే బేస్, రెండోది దాన్ని గట్టిపరిచే హార్డనర్. నీటికి తట్టుకుంటుంది, కొంచెం సాగుతుంది, బ్లాస్టింగ్ లేని ఉపరితలాన్నీ కొంతవరకు ఓర్చుకుంటుంది. అమీన్ హార్డనర్ రకం రసాయనాలకి గట్టిదే గానీ, తేమ రాత్రుల్లో పైన జిడ్డు పొర కడుతుంది. ఆ జిడ్డు కడగకుండా వేసిన తర్వాతి కోటు అంటుకోదు. షాపులో పాలీఅమైడా కాదా చెప్పలేకపోతే కంపెనీ ఇచ్చే వివరాల కాగితం, డేటా షీటు అడగండి. వాల్యూమ్ సాలిడ్స్ (ఆరాక పొరగా మిగిలే భాగం శాతం) ఎంతో కూడా అందులోనే ఉంటుంది.

ఆ అంకెతోనే కొనుగోలు లెక్క. సాలిడ్స్ 50 శాతం, ఒక్కో కోటు ఆరిన పొర 60 మైక్రాన్లు అనుకుంటే, 50ని 10తో గుణించి 60తో భాగించాలి: లీటరుకి 8.3 చదరపు మీటర్లు. ఇది కాగితం మీది మాట. గ్రిల్ మీద బ్రష్‌తో 40 శాతం వృథా వేసుకుంటే 5 మిగులుతుంది. 12 ఎంఎం చదరపు రాడ్ చుట్టుకొలత 48 ఎంఎం, అంటే 100 మీటర్ల రాడ్‌కి 4.8 చదరపు మీటర్లు. రెండు కోట్లకి రమారమి 2 లీటర్లు, థిన్నర్ కాకుండా.

విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో తోమకముందే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. పొర కింద ఉప్పు మిగిలితే అది తేమను లాగుతుంది, కొన్నాళ్లకి పొక్కులొస్తాయి. నూనె మరకల్ని తోమేముందే థిన్నర్ గుడ్డతో తుడవాలి, లేకపోతే వైర్ బ్రష్ వాటిని గేటంతా పులుముతుంది. వెల్డింగ్ చుక్కలు గీకి, పదునైన అంచుల్ని గ్రైండర్‌తో కాస్త గుండ్రం చేయండి. తడి రంగు అంచు మీంచి జారి అక్కడ పొర పలచబడుతుంది, తుప్పు మొదలయ్యేదీ అక్కడే. వెల్డింగ్ అతుకులకీ అంచులకీ ముందు బ్రష్‌తో విడిగా ఒక చెయ్యి వేసి, తర్వాత మొత్తం వేయాలి.

బేస్ డబ్బా అడుగున పిగ్మెంట్ గట్టిగా పేరుకుంటుంది. పుల్ల అడుగుకి తగిలి, ముద్ద లేకుండా కరిగేదాకా కలిపాకే హార్డనర్ పోయండి. నిష్పత్తి డబ్బా మీద 3:1, 4:1 ఇలా ఉంటుంది. కంటి లెక్కన కాక కొలత కప్పుతో కొలవండి. హార్డనర్ ఎక్కువైతే త్వరగా ఆరుతుందన్నది పెయింటర్ల అపోహ. ఎక్కువైనా తక్కువైనా పొర దెబ్బతింటుంది. షీటులో ఆగమని ఉంటే కలిపాక ఆ 15–30 నిమిషాలు ఆగాలి. థిన్నర్ ఆ కంపెనీ ఎపాక్సీ థిన్నరే. టర్పెంటైన్ పనికిరాదు.

షీటులో 25 డిగ్రీలకి 6 గంటలని రాసిన పాట్ లైఫ్ (కలిపాక వాడుకోగలిగే సమయం), వేడి పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఇంచుమించు సగమవుతుంది. రెంటచింతల ఎండాకాలంలో గంటన్నరకి సరిపడా మాత్రమే కలుపుకోండి. చిక్కబడ్డాక థిన్నర్ పోసి సాగదీస్తే బ్రష్ నడుస్తుంది గానీ పొర పట్టు పోతుంది.

తేమ 85 శాతం దాటినా, ఇనుము మంచు బిందువు (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు వేడిగా లేకపోయినా ఆ పూట పని ఆపాలి. పాత ఎనామెల్ మీద వేయాల్సి వస్తే ముందు అరచేయంత చోట పూసి చూడండి. ఎపాక్సీ థిన్నర్ దాన్ని ముడతలుగా లేపితే పాత రంగంతా గీకాల్సిందే.

ఎపాక్సీ ఎండకి సుద్దలా పొడి రాలుతుంది. ఆరుబయట గేటు మీద ప్రైమర్‌ని అలాగే వదలకండి. షీటులో చెప్పిన గరిష్ఠ గడువులోపే పీయూ (పాలీయురిథేన్) టాప్ కోటు వేసేయాలి. గడువు దాటితే 220 నంబరు ఎమెరీతో గరుకు చేయకుండా వేయొద్దు. హార్డనర్ చర్మానికి పడదు, ఒకసారి అలర్జీ మొదలైతే తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లే. నైట్రైల్ గ్లవ్స్, కార్ట్రిడ్జ్ మాస్క్ ఖర్చు కూడా ప్రైమర్ ధరలోనే కలుపుకోండి.