ఏళ్ల తరబడి ఓపెన్ సోర్స్ వాడాక

కొత్త సాఫ్ట్‌వేర్ చేతికి రాగానే రాసే సమీక్షల మీద నాకు నమ్మకం తక్కువ. మొదటి వారంలో కనిపించేవి పైపై మెరుగులే. ఫైళ్లు గుట్టలుగా పేరుకున్నాక, పెద్ద అప్‌గ్రేడ్‌లు కొన్ని దాటాక, నమ్ముకున్న ప్రాజెక్టు ఒకటి ఆగిపోయాక గాని దాని అసలు స్వభావం తెలియదు. నా కంప్యూటర్‌లో డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, రాతపనికి లిబ్రెఆఫీస్, పాస్‌వర్డ్‌లకు కీపాస్‌ఎక్స్‌సీ, ఫోనుకూ కంప్యూటర్‌కూ మధ్య ఫైళ్లు చేరవేయడానికి సింక్‌థింగ్, నలుగురితో మాట్లాడుకోవడానికి మాస్టోడాన్ ఉన్నాయి. అన్నీ ఓపెన్ సోర్స్, అంటే కోడును ఎవరైనా చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్; ఏళ్ల తరబడి రోజూ వాడుతున్నవే. వీటన్నిటినీ నేను ఒకే ప్రశ్న వేసి చూస్తాను: రేపు దీన్ని వదిలేయాల్సి వస్తే నా ఫైళ్లు, నా పరిచయాలు నాతో వస్తాయా?

ముందుగా డెబియన్. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. స్టేబుల్ (స్థిరమైన) విడుదల సుమారు రెండేళ్లకొకటి వస్తుంది. వచ్చాక అందులోని ప్రోగ్రాముల వెర్షన్లు దాదాపు కదలవు; భద్రతా లోపాలకు, తీవ్రమైన బగ్‌లకు మాత్రమే సవరణలు అందుతాయి. అంతా పాత సరుకే అని తీసిపారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. పనిలో తలమునకలైన రోజున మెనూలు నిన్న ఉన్నచోటే ఉండడం ఎంత హాయో వాడినవాళ్లకే తెలుస్తుంది. కొత్త వెర్షన్ తప్పదనుకున్న ఒకటి రెండు ప్రోగ్రాములను డెబియన్ విడుదలతో సంబంధం లేకుండా ప్రోగ్రాములు అందించే ఫ్లాట్‌పాక్ ద్వారా తెచ్చుకుంటాను. 2023 జూన్‌లో వచ్చిన 12 నుంచి 2025 ఆగస్టులో వచ్చిన 13కు మారేటప్పుడు విడుదలతో ఇచ్చే సూచనలు మొత్తం చదివి, అదే వరసలో చేసుకుంటూ పోయాను. ఏ ఇబ్బందీ రాలేదు. మధ్యలో ఒక విడుదలను వదిలేసి తర్వాతి దానికి దూకడం మాత్రం కుదరదు. కొత్తవాళ్లను ఒకప్పుడు ఇన్‌స్టాలర్ దగ్గరే ఆపేసిన వైఫై సమస్య కూడా చాలావరకు తీరింది. వైఫై లాంటి పరికరాలు నడవడానికి కావలసిన, స్వేచ్ఛా లైసెన్సు లేని ఫర్మ్‌వేర్‌ను సైతం ఇన్‌స్టాలర్‌లో ఇవ్వాలని 2022లో డెవలపర్లు ఓటు వేసి నిర్ణయించారు; 12 నుంచి అది అమల్లోకి వచ్చింది. సిద్ధాంతానికి కట్టుబడిన ప్రాజెక్టు ఆ మాత్రం సడలింపు ఇవ్వడం నా దృష్టిలో సరైన పనే. వేలిముద్ర రీడర్ల విషయంలో మాత్రం ఇప్పటికీ భరోసా ఇవ్వలేను. ల్యాప్‌టాప్ కొనేముందే ఆ మోడల్‌పై లినక్స్ ఎలా నడుస్తుందో కనుక్కోవడం మంచిది.

లిబ్రెఆఫీస్ గురించి అందరూ అడిగేది ఒకటే: ఇతరులు పంపిన వర్డ్ ఫైళ్లు సరిగా తెరుచుకుంటాయా? ఎక్కువ భాగం తెరుచుకుంటాయి. చెదిరినప్పుడు ముందు చూడవలసింది ఫాంటు. ఒకసారి నాకు వచ్చిన డాక్యుమెంట్‌లో పట్టిక చివరి రెండు వరసలు విరిగి తర్వాతి పేజీలో పడ్డాయి, సంతకాల చోటు దానికింకా కిందికి జారింది. పంపినవారు వాడింది కాలిబ్రి. అది నా కంప్యూటర్‌లో లేదు. దాని బదులు వచ్చిన ఫాంటులో అక్షరాల వెడల్పు కాస్త ఎక్కువ, అందుకే పంక్తులు పెరిగాయి. కాలిబ్రి కొలతలకు సరిపోయేలా తయారుచేసిన కార్లిటో అనే ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. అది వేసి ఫైలు మళ్లీ తెరవగానే పట్టిక ఒకే పేజీలో కుదురుకుంది. కేంబ్రియాకు ఇలాగే కాలడియా ఉంది. భారీ మాక్రోలు (పనులు వాటంతటవే జరిగేలా రాసుకున్న చిన్న ప్రోగ్రాములు) ఉన్న స్ప్రెడ్‌షీట్‌లకు ఇలాంటి చిట్కాలేవీ పనిచేయవు. రోజంతా అలాంటి వాటితోనే పని అయితే లిబ్రెఆఫీస్‌కు పూర్తిగా మారమని నేను చెప్పను.

నా సొంత రాతలన్నీ లిబ్రెఆఫీస్ మామూలుగా వాడే ఫైలు రకమైన ఓడీటీలోనే దాచుకుంటాను. ఆ ఫైలు నిజానికి ఒక జిప్ కట్ట. విప్పితే లోపల మనం రాసిన పాఠం మామూలు ఎక్స్‌ఎంఎల్‌లో కనిపిస్తుంది. ఏ టెక్స్ట్ ఎడిటర్‌తోనైనా చదవవచ్చు. 2006లోనే దీనికి ఐఎస్‌ఓ ప్రమాణం వచ్చింది. ఈ లక్షణం విలువ 2010లో రుజువైంది. ఓపెన్‌ఆఫీస్ మీద పనిచేస్తున్నవారిలో చాలామంది విడివడి ది డాక్యుమెంట్ ఫౌండేషన్ ఏర్పాటు చేసుకుని, అదే కోడుతో లిబ్రెఆఫీస్ మొదలుపెట్టారు. వాడుకరులు చేయవలసిందల్లా కొత్త ప్రోగ్రాము వేసుకోవడమే. పాత ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టు తెరుచుకున్నాయి.

ప్రాజెక్టు మారినా ఫైళ్లు నిలవడం సింక్‌థింగ్ విషయంలో నాకే అనుభవమైంది. మధ్యలో ఎవరి సర్వర్‌లోనూ నిల్వ లేకుండా నా పరికరాల మధ్యే ఫైళ్లు తిరగడం దాని గొప్పతనం. దాని అధికారిక ఆండ్రాయిడ్ యాప్ 2024 డిసెంబరుతో ఆగిపోయింది. నడిపే వ్యక్తికి ఓపిక తీరితే ప్రాజెక్టు ఆగుతుంది. ఈ లోకంలో అది మామూలే. అప్పటికే అదే కోడుతో మరొకరు విడిగా నడుపుతున్న ఫోర్క్‌కు మారి అవే ఫోల్డర్లు కలుపుకున్నాను, ఒక్క ఫైలూ పోలేదు. రెండు పరికరాల్లో ఒకేసారి మార్పులు జరిగితే సింక్‌థింగ్ ఒకదానిని చెరిపేయదు, వేరే పేరుతో పక్కన పెడుతుంది. పాస్‌వర్డ్‌ల డేటాబేస్‌కు అలా రెండు ప్రతులు తయారైతే కీపాస్‌ఎక్స్‌సీలోని విలీనం సౌకర్యం వాటిని ఒక్కటి చేస్తుంది. రెండూ చక్కగా జతకుదిరాయి.

భద్రత సంగతి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తికాదు. కోడు అందరికీ కనిపిస్తుంది కాబట్టి ప్రమాదం లేదనే మాట నేను ఒప్పుకోను. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీలో దొంగదారి బయటపడింది. దాన్ని పెట్టిన వ్యక్తి ముందు కొన్నేళ్ల పాటు బుద్ధిగా పనిచేసి, దాదాపు ఒంటరిగా ఆ ప్రాజెక్టును మోస్తున్న నిర్వాహకుడి నమ్మకం సంపాదించాడు. దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి ప్రవేశించడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ ఆరా తీయడంతో గుట్టు రట్టయింది. డెబియన్ టెస్టింగ్ (తర్వాతి విడుదలకు సిద్ధమవుతున్న శాఖ) వరకు వచ్చిన ఆ వెర్షన్ స్టేబుల్‌కు చేరలేదు. ఆ పాత సరుకే మమ్మల్ని కాపాడింది. అసలు జబ్బు మాత్రం కోడులో లేదు. కోట్ల యంత్రాల్లో నడిచే లైబ్రరీని అలసిపోయిన ఒక్క మనిషి భుజాన వదిలేసిన మన నిర్లక్ష్యంలో ఉంది. నేను రోజూ వాడే ప్రాజెక్టులకు చేతనైనంత విరాళం పంపుతున్నాను. డబ్బు పంపలేనివారు బగ్ నివేదిక శ్రద్ధగా రాసినా మేలే: వెర్షన్ ఏది, ఏ వరసలో ఏమి చేస్తే తప్పు జరుగుతోంది, ఏమి జరగాలి, ఏమి జరిగింది, దానితోపాటు సమస్య చూపించే ఒక చిన్న ఫైలు. "పనిచేయడం లేదు" అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

ఇక మాస్టోడాన్. వేర్వేరు వ్యక్తులు నడిపే సర్వర్లు ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే సామాజిక మాధ్యమం ఇది; 2016లో వచ్చింది. హోమ్‌లో నేను ఎంచుకున్నవారి పోస్టులు కాలక్రమంలో వస్తాయి, ప్రకటనలు ఉండవు. మొదట్లో నిర్మానుష్యంగా అనిపిస్తుంది; మనల్ని పట్టి కూర్చోబెట్టే యంత్రాంగం ఏదీ లేకపోవడం వల్ల మనమే మనుషుల్ని వెతుక్కోవాలి. నాకు దొరికినవారు ప్రశ్న అడిగితే ఆగి, ఆలోచించి జవాబిచ్చేవారు. సర్వర్ ఎంచుకునేటప్పుడు నియమాలు చదవండి, ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూడండి. నా మొదటి సర్వర్ మూతపడింది. నిర్వాహకులు ముందే గడువు చెప్పడంతో ఖాతాను మరోచోటికి మార్చుకున్నాను. అనుచరులు వాటంతటవే వచ్చారు, నేను అనుసరిస్తున్నవారి జాబితాను ఫైలుగా దించుకుని కొత్త సర్వర్‌కు ఎక్కించాను. పోస్టులు మాత్రం రాలేదు. వాటి ప్రతి నా దగ్గర భద్రంగానే ఉంది, కొత్త ఖాతాలోకి ఎక్కించే దారి లేదు. ఇన్నేళ్లైనా ఆ సౌకర్యం తేకపోవడం మాస్టోడాన్‌పై నాకున్న అతిపెద్ద ఫిర్యాదు.